"ఎవరో తగలబెట్టారు" అన్న మాటను ఎలా పరీక్షించాలి?

ఎక్కడైనా పెద్ద కార్చిచ్చు రేగిందంటే చాలు, మంట ఇంకా అదుపులోకి రాకముందే ఫోన్లలో ఒక మాట తిరగడం మొదలవుతుంది: "ఇది దానంతట అది అంటుకున్నది కాదు, ఎవరో కావాలని తగలబెట్టారు." నేను ఒక వార్తా సంస్థలో ఫ్యాక్ట్‌చెక్ డెస్క్‌లో పనిచేస్తాను. విదేశీ వార్తలు నా వాటా. ఉత్తరార్ధగోళంలో ఎండాకాలం అయిపోగానే దక్షిణార్ధగోళంలో మొదలవుతుంది కాబట్టి ఈ మాట ఏడాది పొడవునా నా టేబుల్ మీదికి వస్తూనే ఉంటుంది. కొన్నిసార్లు అది నిజమే. చాలాసార్లు సగం నిజం. ఒక్కోసారి ఆ మాట నమ్మిన జనం మనుషుల్ని చంపేశారు కూడా. అందుకే దాన్ని మామూలు పుకారులా తీసిపారేయలేను. అలాంటి మెసేజ్ గానీ హెడ్డింగ్ గానీ వచ్చినప్పుడు నేను ఏం చేస్తానో, ఏ వరుసలో చేస్తానో ఇక్కడ రాస్తున్నాను. దీనికి జర్నలిస్టు కానక్కర్లేదు. ఫోను, కాస్త ఓపిక ఉంటే ఎవరైనా చేయొచ్చు.

ముందు ప్రశ్నను విడగొట్టండి

"ఎవరైనా నిప్పు పెట్టారా?" అని ఒక్క ముక్కలో అడిగితే జవాబు గజిబిజిగానే వస్తుంది. అందులో నాలుగు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. నా నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీసుకుంటాను. నిప్పు మనిషి వల్ల పుట్టిందా? మనిషి వల్లయితే, ఆ నిప్పును కావాలనే వెలిగించాడా? కావాలని వెలిగించినా, అడవి తగలబడాలనే వెలిగించాడా? ఇదంతా ఎవరు తేల్చారు, లేక ఇంకా అనుమానంలోనే ఉందా?

ఈ గడుల్లో నిజమైన మంటల్ని పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 2018 జులైలో కాలిఫోర్నియాలో పెద్ద కార్చిచ్చు రేగింది. కార్ పవర్‌హౌస్ అనే చోట మొదలైంది కాబట్టి దానికి కార్ ఫైర్ అని పేరు పెట్టారు. ఒక బండి వెనక లాక్కెళ్తున్న ట్రైలర్‌కు టైరు పంక్చరై, ఇనుప రిమ్ము రోడ్డుకు రాసుకుని నిప్పురవ్వలు లేచాయి. మొదటి గడిలో అవును. రెండో గడి దగ్గరే ఆగిపోయింది.

2003 అక్టోబర్‌లో అదే రాష్ట్రంలో సీడర్ ఫైర్ 15 మందిని బలి తీసుకుంది. వేటకు వెళ్లి దారి తప్పిన ఒక మనిషి తన జాడ తెలియాలని నెగడు వేశాడు. నిప్పును కావాలనే వెలిగించాడు, అడవిని తగలబెట్టాలని మాత్రం వెలిగించలేదు. రెండో గడిలో అవును, మూడో గడిలో కాదు. అతని మీద కేసు నడిచింది, నేరం ఒప్పుకున్నాడు. అలాగని అతన్ని పగతో అడవికి నిప్పు పెట్టినవాడితో ఒకే గాటన కట్టగలమా?

పగతోనో, మంట రేపాలన్న తపనతోనో పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. 2006 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలోనే ఎస్పెరాంజా ఫైర్‌లో అయిదుగురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. నిప్పు పెట్టిన వ్యక్తిని 2009లో కోర్టు దోషిగా తేల్చి మరణశిక్ష వేసింది. అక్కడ నాలుగు గడులూ నిండాయి. ఆర్సన్ (దురుద్దేశంతో నిప్పు పెట్టే నేరం) అన్న మాట నేను నిస్సంకోచంగా రాసేది ఇలాంటి చోటే.

చట్టం ఏ ఊరిదో చూడండి

ఆర్సన్ అంటే అన్ని దేశాల్లో ఒకే అర్థం ఉంటుందని అనుకుంటే అక్కడే దెబ్బతింటాం. పాత ఇంగ్లిష్ చట్ట సంప్రదాయంలో ఆర్సన్ అంటే దురుద్దేశంతో వేరొకరి నివాసగృహాన్ని కాల్చడం. అడవి ప్రసక్తే లేదు. ఇంట్లో మనుషులు నిద్రపోతుంటారన్న భయం నుంచి పుట్టిన నేరం అది. అడవులు, పొలాలు, సొంత ఆస్తులు ఒక్కొక్కటిగా తర్వాత వచ్చి చేరాయి.

ఇప్పుడు కాలిఫోర్నియా శిక్షాస్మృతిలో రెండు సెక్షన్లు పక్కపక్కనే ఉంటాయి. 451 ప్రకారం ఆర్సన్ అంటే ఇష్టపూర్వకంగా, దురుద్దేశంతో నిప్పు పెట్టడం. అడవి కూడా అందులో ఉంది. 452 వేరు. ప్రమాదం తెలిసీ లెక్కచేయకుండా మంటకు కారణమవడం దాని కిందికి వస్తుంది. ఇంగ్లండ్‌లో 1971 నాటి క్రిమినల్ డ్యామేజ్ చట్టం ఈ గీతను వేరే చోట గీసింది. నిప్పుతో ఆస్తిని పాడుచేస్తే, అది ఉద్దేశంతో చేసినా, తెలిసీ లెక్కచేయనితనంతో చేసినా ఆర్సన్ కిందే కేసు పెడతారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ చట్టంలో కార్చిచ్చుకు ప్రత్యేకంగా ఒక సెక్షనే ఉంది. కావాలని నిప్పు వెలిగించి, అది అదుపు తప్పి పాకుతుందేమో అన్న పట్టింపు లేకపోవడమే అక్కడ నేరం. అడవిని కాల్చాలన్న కోరిక ఉందని నిరూపించనక్కర్లేదు. భారత అటవీ చట్టం, 1927లోని 26వ సెక్షన్ ఇంకా విశాలం. రిజర్వు అడవికి నిప్పు పెట్టడం, అడవికి ముప్పు వచ్చేలా నిప్పు రాజేయడం, ఆర్పకుండా వదిలేసి పోవడం అన్నీ అందులో ఒకే చోట ఉన్నాయి.

కాబట్టి ఒకే పని ఒక చోట ఆర్సన్, ఇంకో చోట నిర్లక్ష్యం. "ఫలానా దేశంలో ఆర్సన్ ఎక్కువ, ఫలానా దేశంలో తక్కువ" అని రెండు అంకెలు పక్కపక్కన పెట్టిన పోస్టు కనిపిస్తే నేను ముందు ఆ రెండు చోట్లా గీత ఎక్కడ ఉందో వెతుకుతాను. యూరప్ దేశాలు ఈ చిక్కు తప్పించుకోవడానికి ఒక ఉమ్మడి వర్గీకరణ పెట్టుకున్నాయి. తెలియనిది, ప్రకృతి సహజం, ప్రమాదం, నిర్లక్ష్యం, ఉద్దేశపూర్వకం, ఆరిన మంట మళ్లీ రాజుకోవడం అని ఆరు గడులు. అమెరికా వాళ్ల జాబితాలో పిల్లలు నిప్పుతో ఆడటం ఆర్సన్‌లో కలవదు, దానికి వేరే తరగతి ఉంది. నాకిది చాలా న్యాయంగా అనిపిస్తుంది. 2017లో అమెరికాలోని ఒరెగన్ రాష్ట్రంలో ఈగిల్ క్రీక్ మంటకు కారణం లోయలోకి టపాకాయ విసిరిన 15 ఏళ్ల కుర్రాడు. కోర్టు అతని మీద 3.66 కోట్ల డాలర్ల పరిహారం విధించింది. తప్పు చిన్నదని నేను అనను. కానీ వాణ్ని "అడవిని తగలబెట్టిన ఉన్మాది" అని రాయడం అబద్ధం.

అంకె వచ్చిందంటే అది దేని అంకె?

ఎక్కువ గందరగోళం పుట్టేది ఇక్కడే. అమెరికాలో 1992 నుంచి 2012 వరకు నమోదైన సుమారు 15 లక్షల మంటల రికార్డులను పరిశీలించి 2017లో ఒక అధ్యయనం వచ్చింది. మంటల్లో 84 శాతం మనుషుల వల్ల మొదలయ్యాయని తేలింది. ఈ అంకె ఫోన్లలో ఎలా తిరుగుతుందో ఊహించగలరు: "84 శాతం మంటలు మనుషులు పెట్టినవే!" పెట్టినవి కావు, మనుషుల వల్ల మొదలైనవి. చెత్త తగలబెట్టడం, కరెంటు తీగలు, యంత్రాల నుంచి వచ్చే నిప్పురవ్వలు, టపాకాయలు, సరిగా ఆర్పని నెగళ్లు, సిగరెట్ పీకలు అన్నీ ఆ 84లో ఉన్నాయి. ఆర్సన్ అందులో ఒక భాగం మాత్రమే. అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు. కాలిన విస్తీర్ణంలో మనుషుల వల్ల మొదలైన మంటల వాటా 44 శాతమే.

మంటల సంఖ్య వేరు, కాలిన నేల వేరు. మనుషులు రోడ్ల పక్కన, ఊళ్లకు దగ్గరగా నిప్పు రాజేస్తారు. అలాంటివి ఎక్కువగా తొందరగా కంటపడి ఆరిపోతాయి. పిడుగు మాత్రం మనిషి అడుగు పడని లోపలి అడవిలో పడుతుంది. అక్కడికి సిబ్బంది చేరేలోపు మంట ముదిరిపోతుంది. కెనడాలో మంటల సంఖ్యలో పిడుగుల వాటా దాదాపు సగం ఉంటే, కాలిన విస్తీర్ణంలో వాటి వాటా అంతకంటే చాలా ఎక్కువ. అందుకే శాతం కనిపించగానే నేను అడిగేది ఒకటే: ఇది మంటల లెక్కా, ఎకరాల లెక్కా?

ఆస్ట్రేలియా అంకెను ఇంకా జాగ్రత్తగా చూడాలి. "అక్కడ సగం మంటలు కావాలని పెట్టినవే" అని తరచూ చెబుతారు. ఆ దేశపు నేరపరిశోధన సంస్థ 2008లో ప్రచురించిన అధ్యయనంలో 13 శాతం ఉద్దేశపూర్వకం, 37 శాతం అనుమానాస్పదం అని ఉంది. రెండూ కలిపితే సగం. అనుమానాస్పదం అన్నది కారణం కాదు. అక్కడికి వెళ్లిన సిబ్బందికి కలిగిన అభిప్రాయం. ఆ 37లో ఎన్ని నిజంగా ఎవరో పెట్టినవో కేసులు తేలితే తప్ప చెప్పలేం. 13కు 37 కలిపి "సగం" అని చెప్పడం, ఆ 37ను పూర్తిగా వదిలేసి "13 శాతమే" అని చెప్పడం, రెండూ తొందరపాటే.

183 మంది కథ

ఒక్క ఉదాహరణను దగ్గరగా చూద్దాం. 2020 జనవరి మొదటి వారం. ఆస్ట్రేలియా తగలబడుతోంది. పక్క టేబుల్ నుంచి మా జూనియర్ ఫోను పట్టుకుని లేచి వచ్చాడు. "మేడమ్, 183 మంది నిప్పు పెట్టినవాళ్లను అరెస్ట్ చేశారట. హెడ్డింగ్ పెట్టేద్దామా?" ప్రపంచమంతా అదే హెడ్డింగ్ నడుస్తోంది. "ఆర్సన్ ఎమర్జెన్సీ" అని హ్యాష్‌ట్యాగ్ కూడా పుట్టింది.

ఇలాంటప్పుడు చేయాల్సిన పని చాలా చిన్నది: ఆ అంకె మొదట ఎక్కడ అచ్చయిందో దాన్ని తెరవడం. జనవరి 6న న్యూ సౌత్ వేల్స్ పోలీసులు ఇచ్చిన ప్రకటన అది. 2019 నవంబర్ 8 నుంచి 183 మంది మీద చట్టపరమైన చర్య తీసుకున్నామని అందులో ఉంది. చర్య అంటే హెచ్చరించి వదిలేయడం నుంచి క్రిమినల్ కేసు దాకా ఏదైనా కావచ్చని కూడా రాశారు. మరి ఆ 183లో ఎవరెవరున్నారు? 53 మంది, నిప్పు వెలిగించకూడదన్న నిషేధం ఉన్న రోజున దాన్ని పాటించనివాళ్లు. 47 మంది వెలుగుతున్న సిగరెట్‌నో అగ్గిపుల్లనో నేల మీద పారేసినవాళ్లు. కావాలని కార్చిచ్చు రగిలించారన్న ఆరోపణతో కేసు పెట్టింది 24 మంది మీద. మొత్తంలో 40 మంది మైనర్లు.

24 అనేది చిన్న అంకె కాదు, దాన్ని దాచకూడదు. దాన్ని 183 చేయడమూ కుదరదు. ఇంకా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ 24 కేసులకూ ఆ ఏడాది భూమిని బూడిద చేసిన మహా మంటలకూ సంబంధం ఉందని ఆ ప్రకటనలో ఎక్కడా లేదు. ఆ సీజన్‌లో అతి పెద్ద మంటల్లో ఒకటైన గాస్పర్స్ మౌంటెన్ మంట 2019 అక్టోబర్ చివర్లో పిడుగు పడి మొదలైంది. అయిదు లక్షల హెక్టార్లకు పైగా కాలింది. ఆ ఒక్క మంట ముందు ఎంతమంది అరెస్టుల లెక్కయినా ఏం వివరిస్తుంది?

మా జూనియర్ ఆ ప్రకటన మొత్తం చదివి తనే హెడ్డింగ్ రాసుకున్నాడు: "183 మందిపై చర్యలు, కావాలని నిప్పు పెట్టిన కేసులు 24." పదునైన హెడ్డింగ్ ఏమీ కాదు. అయినా అందులో ప్రతి ముక్కా నిలబడుతుంది.

నేల మీద కారణం ఎలా తేలుతుందో తెలుసుకోండి

"అంతా బూడిదైపోయాక ఎవరు పెట్టారో ఎలా చెబుతారు?" అని చాలామంది అడుగుతారు. చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. అది తెలిస్తే, మంట మొదలైన రెండు గంటల్లోనే "ఇది ఆర్సన్" అని తీర్పు చెప్పేవాళ్ల మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీకే అర్థమవుతుంది.

దర్యాప్తు చేసేవాళ్లు ముందు మంట ఎటు నుంచి ఎటు నడిచిందో నేలను చదువుతారు. ఒక రాయిని తీసుకోండి. మంట వచ్చిన వైపు మసి పట్టి, బూడిద తెల్లగా అంటుకుని, ఒక్కోసారి పెచ్చులూడి ఉంటుంది. రెండో వైపు రాయి చాటున గడ్డి పరకలు పచ్చగానో, సగం కాలో మిగిలి ఉంటాయి. గడ్డి కూడా సాక్ష్యమే. గాలికి ఎదురుగా మంట మెల్లగా వెనక్కి నడిచినప్పుడు పరకల మొదళ్లు ముందు కాలి, కంకులు మంట వచ్చిన వైపుకే వాలి పడతాయి. వేడికి వడలిన ఆకులు గాలి వీచిన దిక్కుకు తిరిగి అలాగే బిగుసుకుపోతాయి. ఇలా ఒక్కొక్క గుర్తు దగ్గరా రంగు జెండా పాతుతారు. మంట ముందుకు ఉరికిన చోట ఎరుపు, పక్కలకు పాకిన చోట పసుపు, వెనక్కి నడిచిన చోట నీలం. జెండాలన్నీ కలిపి చూస్తే అవి ఒక చిన్న జాగా వైపు దారి చూపిస్తాయి. మామూలుగా మనం ఎక్కువ కాలిన చోటే మంట మొదలైందనుకుంటాం. అక్కడ తరచూ తక్కువే కాలి ఉంటుంది, ఎందుకంటే మంట అప్పటికింకా చిన్నది. ఆ జాగాను దారాలతో గడులుగా విభజించి, మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతారు. అయస్కాంతం తిప్పితే బండి నుంచో, యంత్రం నుంచో రాలిన ఇనుప రజను దొరకవచ్చు. సిగరెట్ పీక, అగ్గిపుల్ల, తెగిన తీగ, పిడుగు చీల్చిన చెట్టు, ఏది ఉన్నా అక్కడే ఉండాలి.

ఇక పిడుగు సంగతి. "ఆ రోజు ఉరుము లేదు, మెరుపు లేదు, మరి మంట ఎలా వచ్చింది?" అనే ప్రశ్న నాకు తరచూ వస్తుంది. పిడుగు పడిన చెట్టు లోపలో, నేల మీది ఆకుల మెత్తలోనో నిప్పు రోజుల తరబడి పైకి కనపడకుండా రగులుతూ ఉండగలదు. గాలి లేచి, ఎండ ముదిరిన రోజున బయటపడుతుంది. పిడుగులు పడిన చోట్లను నమోదు చేసే వ్యవస్థలు చాలా దేశాల్లో ఉన్నాయి. అందుకే దర్యాప్తు అధికారులు అంతకుముందు కొన్ని వారాల రికార్డు వెనక్కి తిరగేస్తారు.

"పిడుగు కాదు, కరెంటు తీగ కాదు, నెగడు కాదు, కాబట్టి ఎవరో పెట్టి ఉండాలి" అనే వాదన వింటే ఒక్క నిమిషం ఆగండి. అగ్నిప్రమాదాల దర్యాప్తుకు అమెరికాలో ప్రామాణికంగా వాడే ఎన్‌ఎఫ్‌పీఏ 921 అనే మార్గదర్శి, 2011 కూర్పులో, ఇలా మిగతావన్నీ కొట్టేసి సాక్ష్యం లేకుండా ఒకదాన్ని నిలబెట్టే తీరు శాస్త్రీయం కాదని స్పష్టంగా చెప్పింది. సాక్ష్యం లేకపోతే "తేలలేదు" అని రాయాలి. అది అసమర్థత అనుకోకండి. నాకైతే ఒక నివేదికలో ఆ మాట కనిపిస్తే రాసినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

2009 ఫిబ్రవరి 7న ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 173 మంది చనిపోయారు. ఆ ఒక్క రోజులోనే ఈ పాఠమంతా ఉంది. చర్చిల్ దగ్గర మంటను ఒక వ్యక్తి పెట్టాడని 2012లో జ్యూరీ తేల్చింది. 17 ఏళ్ల 9 నెలల జైలు పడింది. అందరికంటే ఎక్కువమందిని చంపిన కిల్‌మోర్ ఈస్ట్ మంట మాత్రం తెగిన కరెంటు తీగతో మొదలైంది. మర్రిండిండి మంటలో 40 మంది పోయారు. ఎవరో పెట్టి ఉంటారని పోలీసులు రెండేళ్లకు పైగా అనుమానించారు, చుట్టుపక్కల జనమంతా ఆ మాటే నమ్మారు. 2011లో పోలీసులే అది ఉద్దేశపూర్వకం కాదని తేల్చారు. తర్వాత కరెంటు తీగే కారణమని దావా నడిచి, 2015లో 30 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల రాజీతో ముగిసింది. ఒకే రోజు, ఒకే గాలి, మూడు మంటలు, మూడు వేర్వేరు కథలు.

వీడియో పంపితే

టార్చి నుంచి నిప్పు చుక్కలు రాలుస్తూ యూనిఫాంలో నడిచే మనిషి వీడియో ప్రతి సీజన్‌లో వస్తుంది, "చూడండి, వీళ్లే పెడుతున్నారు" అని. అతని చేతిలోని ఆ పరికరాన్ని డ్రిప్ టార్చ్ అంటారు. పెద్ద మంట వచ్చే దారిలో ఎండుగడ్డిని, పొదల్ని ముందే కాల్చేసి దానికి తిండి లేకుండా చేయడం అగ్నిమాపక సిబ్బంది పని. దాన్ని ఎదురు మంట అంటారు. అలాంటి వీడియోలో వెనక ఫైరింజన్, పక్కన ఇంకో ఇద్దరు ముగ్గురు సిబ్బంది ఉన్నారేమో చూస్తే చాలావరకు తేలిపోతుంది.

2023 జూన్‌లో కెనడాలోని క్యూబెక్ శాటిలైట్ వీడియో బాగా తిరిగింది. దూరదూరంగా ఉన్న చోట్ల ఒకేసారి పొగలు లేస్తాయి. "ఒకేసారి అంటుకున్నాయంటే కుట్రే" అన్నారు. అంతకు కొద్దిగా ముందే అక్కడ పిడుగుల వాన పడి, తర్వాత పొడి గాలులు వచ్చాయి. రగులుతున్నవన్నీ కలిసి పైకి లేచాయి. రోడ్డు వెంట వరసగా కొన్ని చోట్ల మంటలు మొదలైతే అది ఆర్సన్‌కు గుర్తు కావచ్చు. పొగగొట్టం పాడైన బండి నిప్పురవ్వలు రాల్చుకుంటూ పోయినా అదే వరస కనిపిస్తుంది. ఇళ్లు కాలి పక్కన చెట్లు పచ్చగా నిలబడిన ఫొటోలకైతే కుట్ర అక్కర్లేదు. గాలిలో ఎగిరొచ్చిన నిప్పుకణికలు పైకప్పుల సందుల్లో దూరి ఇల్లు లోపల్నుంచి కాలుతుంది. నీటితో నిండిన పచ్చి చెట్టు అంత తేలిగ్గా అంటుకోదు.

ఈ మాట ఎవరికి కావాలో ఆలోచించండి

నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఇల్లు, ఊరు, అడవి పోగొట్టుకున్నవాళ్లకు ఒక ముఖం కావాలి. ఎండ, గాలి, ఎండిపోయిన అడవి మీద కోపం తీర్చుకోలేం. అప్పుడు ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. వలస వచ్చినవాళ్లు, పశువుల కాపరులు, వేరే భాష మాట్లాడేవాళ్లు, రాజకీయంగా గిట్టనివాళ్లు.

2021 ఆగస్టులో అల్జీరియాలోని కబైలీ ప్రాంతంలో మంటలు కనీసం 90 మందిని బలి తీసుకున్నాయి. నేరస్తుల చేతులే దీనికి కారణమని ప్రభుత్వమే మొదట్లో ప్రకటించింది. మంటలు ఆర్పడానికి సాయం చేద్దామని వేరే ఊరి నుంచి వచ్చిన ఒక యువ కళాకారుణ్ని చూసి, నిప్పు పెట్టింది ఇతనేనని గుంపు చుట్టుముట్టింది. పోలీసు బండిలోంచి లాగి, కొట్టి చంపి, తగలబెట్టారు. మరుసటి ఏడాది కోర్టు 49 మందికి మరణశిక్ష వేసింది. 2023 ఆగస్టులో గ్రీస్‌లోని ఎవ్రోస్‌లో మంటల్లో కాలిపోయి 18 మంది వలసదారుల శవాలు దొరికాయి. అదే రోజుల్లో, నిప్పు పెట్టింది వలసదారులేనంటూ ఒకతను కొందర్ని ట్రైలర్‌లో బంధించి వీడియో తీసి పెట్టాడు. 2020 సెప్టెంబర్‌లో ఒరెగన్‌లో ఒక రాజకీయ వర్గంవాళ్లు అడవుల్ని కాలుస్తున్నారని పుకారు పుడితే, జనం తుపాకులు పట్టుకుని రోడ్ల మీద కాపలా కాశారు. విచారిస్తే అవి నిజం కాదని తేలిందని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ప్రకటించాల్సి వచ్చింది. అదే సమయంలో అక్కడ ఒక మంట విషయంలో ఒక వ్యక్తి మీద ఆర్సన్ కేసు కూడా నమోదైంది. రెండూ నిజాలే. ఒక మనిషి మీద కేసును ఒక వర్గం మొత్తం కుట్రగా సాగదీయకూడదు.

ఇంకో వైపు కూడా చూడాలి. బాధ్యత తప్పించుకోవాలనుకునేవాళ్లకు "ఎవరో దుండగుడు" చాలా ఉపయోగపడతాడు. 2018 నవంబర్ 8న కాలిఫోర్నియాలో ప్యారడైజ్ పట్టణాన్ని బూడిద చేసి 85 మందిని చంపిన క్యాంప్ ఫైర్‌కు కారణం, ఏళ్ల తరబడి అరిగిపోయిన ఒక ఇనుప కొక్కెం. హైటెన్షన్ తీగను టవర్‌కు వేలాడదీసే కొక్కెం అది. విద్యుత్ సంస్థ పీజీ అండ్ ఈ 2020లో 84 మంది మరణాలకు, చట్టవిరుద్ధంగా మంటకు కారణమైనందుకు నేరం ఒప్పుకుంది. అగ్గిపుల్ల గీసిన చేయి లేదు కాబట్టి దీన్ని ఆర్సన్ అనరు. అలాగని ఇది చిన్న తప్పా?

నిప్పు పెట్టిన ప్రతివాడూ పిచ్చివాడేనన్న నమ్మకాన్ని కూడా పక్కన పెట్టాలి. ఎఫ్‌బీఐ వర్గీకరణలో ఉద్దేశాలు ఆరు రకాలు: విధ్వంసం, ఉత్సాహం కోసం, పగ, వేరే నేరాన్ని కప్పిపుచ్చడం, లాభం, తీవ్రవాదం. నిప్పు చూస్తే ఆగలేని మానసిక రుగ్మత ఉన్నవాళ్లు చాలా అరుదు. చరిత్రలో నిరసనగా పెట్టిన మంటలూ ఉన్నాయి. 1921లో ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని కుమావూ కొండల్లో, అడవుల మీద తమ హక్కుల్ని లాక్కున్న బ్రిటిష్ అటవీ నిబంధనలకు ఎదురు తిరిగి జనం అడవులకు నిప్పు పెట్టారు. ప్రభుత్వ రికార్డుల్లో అది నేరం, ఆ ఊళ్లలో అది పోరాటం. తరతరాలుగా గడ్డి చిగురించడానికి, పొదలు పలచబడటానికి చిన్న చిన్న మంటలు పెట్టుకునే సమాజాలను కూడా వలస ప్రభుత్వాలు ఇలాగే నేరస్తుల్ని చేశాయి.

ఇదంతా చదివి "ఆర్సన్ అన్నదంతా పుకారే" అనుకుంటే అదీ పొరపాటే. క్యూబెక్‌లో 2023లో ప్రభుత్వమే అడవులకు నిప్పు పెడుతోందని ఆన్‌లైన్‌లో రాస్తూ వచ్చిన ఒక మనిషి, తానే 14 మంటలు పెట్టానని 2024 జనవరిలో కోర్టులో ఒప్పుకున్నాడు.

ఫార్వర్డ్ చేసే ముందు

వాక్యం మార్చండి. "దుండగులు నిప్పు పెట్టారు" అని రాసే చోట, అప్పటికి తెలిసింది అంతే అయితే "కారణం ఇంకా తేలలేదు, దర్యాప్తు జరుగుతోంది" అని రాయండి. "మానవ కారణం" అని అధికారులు అంటే అదే రాయండి, దాన్ని కుట్రగా పెంచకండి. అరెస్టయితే "ఆరోపణపై అరెస్ట్" అనండి. పేరు, ఫొటో, కులం, మతం, దేశం పెట్టడానికి అసలు తొందరపడకండి. మంట ఎలా మొదలైందన్న దాంతో పాటు అంత పెద్దది ఎలా అయిందన్నదీ అడగండి. తడిగా ఉన్న అడవిలో ఆరిపోయే నిప్పురవ్వే, నెలల తరబడి వాన లేని అడవిలో, గాలి హోరులో ఊళ్లను మింగుతుంది. నిప్పు పెట్టినవాడు దొరికినా ఆ రెండో ప్రశ్నకు జవాబు దొరకదు.

చివరగా, ఫోను క్యాలెండర్‌లో ఒక రిమైండర్ పెట్టుకోండి. అసలు నివేదికలు అందరూ మర్చిపోయాక వస్తాయి. హవాయిలో లహైనా పట్టణం 2023 ఆగస్టు 8న కాలింది, 102 మంది చనిపోయారు. ఆకాశం నుంచి లేజర్లతో కాల్చారని ఆ వారమంతా వీడియోలు తిరిగాయి. కారణం చెప్పిన నివేదిక 2024 అక్టోబర్‌లో వచ్చింది. తెగిపడిన తీగల్లోకి మళ్లీ కరెంటు వదలడంతో పొద్దున మంట లేచింది, ఆరిందనుకున్నది మధ్యాహ్నం మళ్లీ రాజుకుంది. అలాంటి నివేదిక దొరికినప్పుడు ముందు మంట మొదలైన చోటు ఎక్కడని రాశారో చూడండి. తర్వాత కారణం, ఆ తర్వాత దాన్ని ప్రమాదం, ప్రకృతి, ఉద్దేశపూర్వకం, తేలనిది అన్న నాలుగింట్లో ఏ తరగతిలో వేశారో చూడండి. అప్పటికి మీ ఫోనులో పాత మెసేజ్ ఇంకా ఉంటే, దాని కిందే ఈ జవాబు కూడా పెట్టేయండి.